సందు కదలనిదే పరిశ్రమ కదలదు

హౌరా స్టేషన్‌కు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న టికియాపారా దేశానికి ఇనుప సామాను అందించింది. దాన్ని బాగుచేయాలని వచ్చిన పథకాలన్నీ స్థలం వెతికాయి తప్ప మనుషుల్ని లెక్కపెట్టలేదు.

సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కి కోల్‌కతా వెళ్లే తెలుగువాళ్లకు టికియాపారా ఎరిగిన చోటే. పేరే తెలియదు. హౌరా ఇక వచ్చేసిందనుకుని, సీట్ల కింది నుంచి సామాన్లు లాగి తలుపు దగ్గర నిలబడ్డాక, రైలు ఉన్నట్టుండి ఆగిపోయేది ఇక్కడే. ముందు ప్లాట్‌ఫారం ఖాళీ కావాలి. అయ్యేదాకా పది నిమిషాలు పట్టొచ్చు, అరగంటా పట్టొచ్చు. కిటికీలోంచి చూస్తే ఒకవైపు కడిగేందుకు నిలిపిన బోగీల వరసలు, ఇంకోవైపు మసిబారిన రేకుల కప్పులు, వాటి మధ్య ఆరేసిన బట్టలు. ‘ఇంకా హౌరా రాలేదా’ అని విసుక్కుని తల లోపలికి తీసుకుంటాం.

చాలాసార్లు అలాగే చేశాక, ఈసారి హౌరాలో దిగి లోకల్ రైలెక్కి వెనక్కి వచ్చాను. ఖరగ్‌పూర్ వైపు వెళ్లే లైన్‌లో టికియాపారా మొదటి స్టేషన్. రైలు వేగం పుంజుకునేలోపే దిగాలి. కోల్‌కతా పేరుతోనే చెలామణీ అయినా నిజానికి ఇది గంగకు పడమటి ఒడ్డునున్న హౌరా నగరంలోది. 2011 జనాభా లెక్కల ప్రకారం పది లక్షలకు పైగా జనమున్న హౌరాకు సొంత జిల్లా ఉంది, సొంత నగరపాలక సంస్థ ఉంది. బయటివాళ్ల దృష్టిలో మాత్రం ఒక స్టేషన్, ఒక వంతెన.

స్టేషన్ నుంచి కాస్త నడిస్తే బెలిలియస్ రోడ్డు. ఒకప్పుడు ఇక్కడ ఆస్తులున్న యూదు వ్యాపార కుటుంబం పేరది. ఆ కుటుంబం జాడ ఇప్పుడు రోడ్డు పేరులో, పార్కు పేరులో, ఒక బడి పేరులో మాత్రమే మిగిలింది. రోడ్డుకు రెండు వైపులా పది అడుగుల వెడల్పైనా లేని దుకాణాలు. ఒక్కోదాంట్లో ఒకటో రెండో లేత్ యంత్రాలు. యంత్రం ముందు మనిషి నిలబడితే రెండో మనిషి పక్కకు తిరిగి వెళ్లాలి. గుమ్మం ముందు వెండి పోగుల్లా మెరిసే ఇనుప రజను. గాలిలో కూలెంట్ నూనె వాసన. బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి తరాల కిందట వచ్చిన కుటుంబాలే ఎక్కువ. అందుకే బెంగాల్ నడిబొడ్డున ఉన్నా వినిపించే మాట ఉర్దూ, హిందీ.

ఇక్కడి ఉత్పత్తి ఎలా సాగుతుందో అర్థం చేసుకోవాలంటే ఒక సరుకు వెంట నడవాలి. నేను ఒక కప్పీ వెంట నడిచాను. బెల్టు తిప్పే మామూలు ఇనుప కప్పీ అది. ఆర్డర్ తెచ్చుకున్న వ్యాపారి ముందు చెక్కతో ప్యాట్రన్ చేసే వడ్రంగి దగ్గరికి వెళ్తాడు. ఆ ప్యాట్రన్ నగర శివార్లలోని ఏదో ఫౌండ్రీకి చేరుతుంది. అక్కడ ఇసుకలో అచ్చు దించి, కరిగిన ఇనుము పోస్తారు. చల్లారిన పోతను అంచులు అరగదీసేవాడు వేరు. తర్వాత అది తోపుడు బండి మీద బెలిలియస్ రోడ్డుకు వస్తుంది. ఒక దుకాణంలో టర్నింగ్, పక్క దుకాణంలో బోరింగ్, ఎదురు సందులో కీ కోసం గాడి కోయడం, మూల మీద రంగు. ఐదారు చేతులు మారాక సరుకు లారీ ఎక్కుతుంది. ఈ చేతుల్లో ఎవరికీ మరొకరితో రాతకోతల్లేవు. రేటు నోటిమాట. బాకీ వారానికోసారి.

ఫ్యాక్టరీ అంటే మనకు గుర్తొచ్చేది ఒక గేటు, ఒక ప్రహరీ, ఒక సైరన్. టికియాపారాలో రోడ్డే ఫ్యాక్టరీ. ఒకచోట యంత్రం చెడిపోతే పని ఆగదు, పక్క దుకాణానికి పోతుంది. ఒకరికి పని ఎక్కువైతే ఎదుటివాడికి పంచుతాడు. ఎవరి దగ్గరా పెద్ద పెట్టుబడి లేకపోయినా అందరూ కలిసి ఒక పెద్ద కర్మాగారం చేసే పని చేస్తారు. దీని బలమంతా దగ్గరితనంలో ఉంది. ఇది గుర్తుంచుకుంటే, హౌరాను బాగుచేయడానికి జరిగిన ప్రయత్నాలు ఎక్కడ నెగ్గాయో, ఎక్కడ బెడిసికొట్టాయో తెలుస్తుంది.

ఈ సందులు పుట్టింది రైలు వల్ల. 1854 ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీకి తూర్పు భారతంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. రైలుకు వర్క్‌షాపులు కావాలి, నది పొడవునా లేచిన జనపనార మిల్లులకు విడిభాగాలు కావాలి, పడవలకు మరమ్మతులు కావాలి. బర్న్ కంపెనీ వంటి పెద్ద ఆంగ్లేయ సంస్థల్లో పని నేర్చుకున్న మిస్త్రీలు బయటికొచ్చి సొంతంగా చిన్న కొలుములు పెట్టుకున్నారు. 1930లలో ఆలమోహన్ దాస్ అనే బెంగాలీ పారిశ్రామికవేత్త టికియాపారా పక్కనే యంత్రాలు తయారుచేసే కర్మాగారం, దాని చుట్టూ ఓ ఊరు నిర్మించాడు. తర్వాతి స్టేషన్ దాస్‌నగర్ ఆయన పేరిట వెలిసిందే. హౌరాకు ‘తూర్పు షెఫీల్డ్’ అని పేరొచ్చింది. ఏ వస్తువునైనా చూపిస్తే చాలు, రెండో రోజుకు అచ్చుగుద్దినట్టు చేసిస్తారని ఇక్కడి టర్నర్లకు పేరు.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వాలు హౌరాను పట్టించుకోలేదనడం సబబు కాదు. 1955లో ఏర్పడిన జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ జపాన్ సహకారంతో హౌరాలోని బలిటికురిలో శిక్షణ కేంద్రం పెట్టింది. కానీ ఒక చేత్తో ఇచ్చింది మరో చేత్తో పోయింది. 1950లలో మొదలైన రవాణా చార్జీల సమానీకరణ విధానం ప్రకారం ఉక్కు దేశంలో ఎక్కడ కొన్నా ఒకే ధర. గనులకు, ఉక్కు కర్మాగారాలకు దగ్గరగా ఉండటమే హౌరాకున్న వాటం. ఒక్క నిర్ణయంతో అది పోయింది. ముడి ఇనుము పంజాబ్‌లో, మహారాష్ట్రలో, తమిళనాడులో అదే ధరకు దొరుకుతుంటే, మార్కెట్‌కు దగ్గరగా ఉన్నవాళ్లదే పైచేయి అయింది. పత్తికి మాత్రం అలాంటి సమానీకరణ లేదని బెంగాల్ నాయకులు దశాబ్దాల పాటు ఎత్తిపొడిచారు. 1960ల మధ్యలో రైల్వే వ్యాగన్ల ఆర్డర్లు పడిపోవడం రెండో దెబ్బ. పెద్ద కంపెనీలకు పని తగ్గితే వాటి మీద ఆధారపడ్డ సందులకు రెట్టింపు తగ్గింది. సమానీకరణ విధానాన్ని 1990ల మొదట్లో ఎత్తివేసేనాటికి కొయంబత్తూరు, రాజ్‌కోట్, లూధియానా చాలా ముందుకెళ్లిపోయాయి.

మరి హౌరా ఎలా బతికింది? తక్కువ కూలితో, తక్కువ రకం సరుకుతో, ఎగుమతులతో. న్యూయార్క్ వీధుల్లో నడిచేవాళ్లు కాళ్ల కిందికి చూస్తే మ్యాన్‌హోల్ మూత మీద ‘మేడిన్ ఇండియా’ అని కనిపిస్తుంది. వాటిలో చాలా హౌరా పోతలే. 2007 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ హౌరాలోని ఒక ఫౌండ్రీ చిత్రాలు ప్రచురించింది. ఒంటి మీద చొక్కాలు లేకుండా, కాళ్లకు చెప్పుల్లేకుండా మనుషులు మరుగుతున్న ఇనుమును మోస్తున్న దృశ్యాలవి. ఆ మూతలు కొనే అమెరికా విద్యుత్ సంస్థ కాన్ ఎడిసన్ తన విదేశీ కాంట్రాక్టుల్లో కార్మికుల భద్రత షరతులు చేరుస్తానని చెప్పాల్సి వచ్చింది. 2014లో నటాషా రహేజా ఇదే విషయం మీద ‘కాస్ట్ ఇన్ ఇండియా’ అనే డాక్యుమెంటరీ తీశారు. హౌరా కార్మికుడి పాదాల గురించి మాట్లాడటానికి న్యూయార్క్ పాఠకుడు కావలసి వచ్చిందన్నది ఇందులోని చేదు నిజం.

ఫౌండ్రీల్లో వాడే కొలిమిని కుపోలా అంటారు. నిలువుగా నిలబెట్టిన ఇనుప గొట్టం. పైనుంచి బొగ్గు కోక్, సున్నపురాయి, దుక్క ఇనుము, తుక్కు పొరలు పొరలుగా వేసి కింది నుంచి గాలి ఊదుతారు. ఇనుము కరిగి కింది రంధ్రం నుంచి ధారకడుతుంది. పొగ పైనుంచి ఊరి మీదికి పోతుంది. 1990లలో హౌరా కాలుష్యం కోర్టుకెక్కింది. హౌరాకే చెందిన పర్యావరణ కార్యకర్త సుభాష్ దత్తా ఏళ్ల తరబడి ఈ పోరాటం చేశారు. కోర్టు నోటీసులు, కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలు మొదలయ్యాయి. పొగ తగ్గించాలి లేదా మూసేయాలి.

ఆ సమయంలోనే ఒక మంచి ప్రయత్నం జరిగింది. ఢిల్లీకి చెందిన టెరీ సంస్థ స్విట్జర్లాండ్ అభివృద్ధి సంస్థ సాయంతో, గాలిని రెండు మట్టాల్లో ఊదే మెరుగైన కుపోలాను రూపొందించి 1998లో హౌరాలోని ఒక ఫౌండ్రీలో నడిపి చూపించింది. కోక్ ఖర్చు దాదాపు మూడో వంతు తగ్గింది. దానికి జోడించిన వడపోత పరికరంతో పొగలోని ధూళి కూడా బాగా తగ్గింది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. కోక్ ఆదా యజమాని జేబులోకి వస్తుంది కాబట్టి కొత్త కొలిమి వైపు చూస్తాడు. వడపోత పరికరం ఖర్చే తప్ప రాబడి లేనిది. దాని లాభం పక్కింటి పిల్లల ఊపిరితిత్తులకు. ఆ లాభానికి ఎవరూ బిల్లు కట్టరు. చిన్న ఫౌండ్రీ యజమాని దుర్మార్గుడేం కాదు, లెక్క చూసుకున్నాడంతే. ప్రజల ఆరోగ్యానికయ్యే ఖర్చును ప్రభుత్వం పంచుకోనంత కాలం ఆ లెక్క మారదు.

ఇక పెద్ద పరిష్కారం, తరలింపు. కాలుష్యం చేసే ఫౌండ్రీలన్నింటినీ నగరం నుంచి తీసుకెళ్లి రోడ్లు, విద్యుత్, మురుగునీటి ఏర్పాట్లున్న పార్కులో పెట్టాలన్నది ఆలోచన. కేంద్రం 2003లో పారిశ్రామిక మౌలిక వసతుల ఆధునికీకరణ పథకం తెచ్చింది. దేశంలో ఎంపికైన క్లస్టర్లలో హౌరా ఫౌండ్రీలు ఒకటి. నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, జాతీయ రహదారి మీది రాణిహాటి దగ్గర ఫౌండ్రీ పార్కు అలా రూపుకట్టింది.

కాగితం మీద ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఎగుమతులు చేసే పెద్ద యజమానులకు ఇది వరమే. విద్యుత్ కొలుములు పెట్టుకోవచ్చు, కంటైనర్ లారీ నేరుగా లోపలికి వస్తుంది, విదేశీ కొనుగోలుదారుకు చూపించడానికి ఫ్యాక్టరీ అందంగా ఉంటుంది. ‘‘నేను పోతాను, నా కుపోలా పోతుంది. నా వెనకున్న 20 దుకాణాలను ఎవరు తెస్తారు?’’ అని అడిగారు బెలిలియస్ రోడ్డు దగ్గర టీ దుకాణంలో కలిసిన ఒక మధ్యతరహా ఫౌండ్రీ యజమాని. ఆయన ప్రశ్నలోనే అసలు సంగతి ఉంది. పార్కులో స్థలం కొనగలిగేది ఫౌండ్రీ యజమాని. టర్నింగ్ చేసే ఒంటరి లేత్ కార్మికుడికి అక్కడ ప్లాటు కొనే తాహతు లేదు. సరుకు పార్కులో పోతపోసి, టర్నింగ్‌కు మళ్లీ టికియాపారాకు తేవాలంటే రవాణా ఖర్చుకే లాభం సరి. లేదంటే పార్కులోనే కొత్త యంత్రాలు పెట్టుకోవాలి. అప్పుడు సందుకు పని ఉండదు. ఇల్లు అలకగానే పండగ కాదు కదా.

అదే బల్ల మీద మా మాటలు వింటూ కూర్చున్న మౌల్డర్‌కు యాభై దాటి ఉంటాయి. ముప్పై ఏళ్లుగా ఇసుకలో అచ్చులు దించుతున్న మనిషి. ముంజేతుల మీద చిన్న చిన్న కాలిన మచ్చలు. ఆయన పనిచేసిన ఫౌండ్రీ పార్కుకు మారింది. ‘‘రోజూ రెండు బస్సులు మారి పోవాలి భాయ్‌సాబ్. తెల్లారకముందే లేవాలి. కొన్నాళ్లు పోయాను. తర్వాత మోకాళ్లు ఒప్పుకోలేదు’’ అన్నారాయన. ఇప్పుడు తుక్కు దుకాణంలో ఇనుము వేరుచేసే పని. కూలి సగం. ఆయన పేరు పాత ఫౌండ్రీ రిజిస్టర్‌లో ఎప్పుడూ లేదు. కాబట్టి తరలింపు వల్ల పని పోయినవాళ్ల జాబితాలోనూ లేదు.

రాణిహాటి మీదుగా వెళ్లే ఆ రహదారి పేరు జాతీయ రహదారి 16. అదే రోడ్డు పట్టుకుని దక్షిణానికి వస్తే శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి దాటి విజయవాడ వస్తుంది. ఆ రోడ్డు పక్కనే ఆటోనగర్. 1966లో మొదలైన ఆటోనగర్ కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. నగరం రోడ్ల మీద లారీలు విప్పి బాగుచేసే మెకానిక్‌లు సంఘం కట్టి, ఊరి బయట స్థలం సంపాదించి అక్కడికి మారారు. మెకానిక్ ఒక్కడే పోలేదు. బాడీ కట్టే వడ్రంగి, వెల్డర్, లేత్ షాపు, రంగులు వేసేవాడు, టైర్ల వాడు, విడిభాగాల దుకాణం అందరూ పోయారు. సందు మొత్తం లేచి నడిచినట్టు. అందుకే అది నిలబడింది. 2003 నాటి కేంద్ర పథకంలో హౌరా ఫౌండ్రీలతో పాటు విజయవాడ ఆటో పరిశ్రమ కూడా ఎంపికైంది. ఒకే పథకం రెండు ఊళ్లకు వచ్చింది. ఒకచోట అప్పటికే కలిసి కదిలిన సందుకు అది అదనపు బలం. మరోచోట సందును చీల్చి అందులో బలమైన ముక్కను మాత్రం తీసుకెళ్లిన బండి.

ఆటోనగర్ కూడా స్వర్గమేమీ కాదు. కానీ అక్కడి కార్మికులకు మొదట్లో ఒక వెసులుబాటు ఉంది. రోడ్డు పక్క గుడిసెలో పనిచేసేవాడికి కొత్తచోట తన పేరు మీద జాగా దొరికే అవకాశం. టికియాపారాలో సమస్య అక్కడే మొదలవుతుంది. కోల్‌కతా, హౌరా బస్తీల్లో చాలా భాగం ‘ఠికా’ భూమి. భూమి ఒకరిది, దాని మీద కట్టిన పెంకుటిల్లు ఇంకొకరిది, అందులో అద్దెకుండేది మూడోవాడు. 1981 నాటి చట్టం ఇలాంటి భూమిని జమీందారు నుంచి తీసి ప్రభుత్వపరం చేసింది, 2001లో మరో చట్టం వచ్చింది. బస్తీవాసిని జమీందారు ఎప్పుడంటే అప్పుడు వెళ్లగొట్టకుండా ఇవి కాపాడాయి. అది చిన్న విషయం కాదు. అయితే లేత్ దుకాణం నడిపేవాడు చాలాసార్లు ఈ గొలుసులో మూడోవాడు. బ్యాంకుకు తనఖా పెట్టడానికి చేతిలో కాగితం లేదు. చిన్న పరిశ్రమల రుణాల గురించి ప్రభుత్వాలు ఇచ్చే ప్రకటనలు ఈ సందు మొదట్లోనే ఆగిపోతాయి. కొత్త యంత్రం కొనాలంటే తుక్కు వ్యాపారి దగ్గర అప్పు. 2016లో నోట్ల రద్దు, 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు నోటిమాట మీద, వారం బాకీల మీద నడిచే ఈ ప్రపంచం ఉక్కిరిబిక్కిరైంది ఇందుకే.

నెగ్గిన ప్రయత్నం ఒక్కటీ లేదా? ఉంది, దాన్ని అందరూ మరిచిపోయారు. 1970లో ఏర్పడిన కలకత్తా మహానగర అభివృద్ధి సంస్థ బస్తీలను ఖాళీ చేయించడం సాధ్యం కాదని గ్రహించి, ఉన్నచోటే బాగుచేసే పథకం చేపట్టింది. కుళాయిలు, పారిశుద్ధ్య మరుగుదొడ్లు, సిమెంటు దారులు, వీధి దీపాలు. ఎవర్నీ కదల్చలేదు. ఇక్కడికి దగ్గర్లోని పిల్ఖానా బస్తీ గురించి డొమినిక్ లాపియర్ 1985లో ‘సిటీ ఆఫ్ జాయ్’ రాసి ప్రపంచమంతా కన్నీరు పెట్టించారు. ఆ పుస్తకం హౌరాకు జాలి తెచ్చింది. కుళాయిలు తెచ్చింది మాత్రం పెద్దగా పేరు రాని ఆ పథకమే. మనుషుల్ని వాళ్ల పనికి, ఇంటికి దగ్గరగా ఉంచి బాగుచేయడం సాధ్యమేనని అది నిరూపించింది. అదే సూత్రాన్ని పనిచేసే చోటికి వర్తింపజేయాలని, అంటే సందులోనే ఉమ్మడి టూల్ రూమ్, ఉమ్మడి పరీక్ష కేంద్రం, శబ్దం, దుమ్ము తగ్గే ఏర్పాట్లు పెట్టాలని తర్వాత గట్టిగా పట్టుబట్టినవాళ్లు కనిపించరు. 2006 నుంచి 2008 దాకా బెంగాల్ రాజకీయమంతా సింగూర్ కారు ఫ్యాక్టరీ చుట్టూ తిరిగింది. పరిశ్రమ కావాలనేవాళ్లూ, భూమి ఇవ్వమనేవాళ్లూ కొట్టుకుంటుంటే, అప్పటికే ఉన్న పరిశ్రమ గురించి అడిగేవాడు లేకపోయాడు.

ఎవరు అడగాలి? రాజనీతి శాస్త్రం చదువుకున్న వాళ్లకు ఠక్కున తోచే జవాబు, స్థానిక ప్రభుత్వం. అందుకే కదా 74వ రాజ్యాంగ సవరణ చేసింది. 1993లో అమల్లోకి వచ్చిన ఆ సవరణ ప్రకారం నగరపాలక సంస్థకు ఐదేళ్లకోసారి ఎన్నికలు జరగాలి. హౌరాలో 2013లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2018 డిసెంబరులో ముగిసింది. ఆ తర్వాత ఏళ్లు గడిచినా ఎన్నికలు జరగలేదు. పక్కనున్న బాలీ మున్సిపాలిటీని 2015లో హౌరాలో కలపడం, 2021లో మళ్లీ విడదీయడానికి బిల్లు తేవడం, అది రాజ్‌భవన్‌లో నిలిచిపోవడం, ఈ తగవుల మధ్య నగరం అధికారుల చేతికి వెళ్లింది. కాలవ పూడిక తీయాలంటే అడగడానికి కౌన్సిలర్ లేడు.

కాలవ పూడుకుంటే ఏమవుతుందో రైలు ప్రయాణికులకు తెలుసు. వాన గట్టిగా పడితే టికియాపారా కార్ షెడ్‌లో, యార్డులో నీళ్లు నిలుస్తాయి. పట్టాలు మునిగి రైళ్లు రద్దవుతాయి. మన పత్రికల్లోనూ ఆ వార్త చదువుతుంటాం. పట్టాలు మునిగితే వార్త. పట్టాలకు అవతలి ఇళ్లు మునిగితే అది వానాకాలం.

కార్ షెడ్ గోడ పక్కన నడుస్తుంటే నా ఫోన్ మాటలు విని ఒక పెద్దాయన ఆగారు. ‘‘తెలుగోరా? ఏ ఊర్నుంచి వచ్చేరు బాబూ?’’ పలాస పక్క ఊరాయన. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల జనం పట్టాల వెంట ఖరగ్‌పూర్‌కు, హౌరాకు వచ్చి స్థిరపడ్డారు. ఈయన కూడా రైల్వేలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ‘‘మాకు గోడ లోపల ఉద్యోగం బాబూ. క్వార్టరిచ్చేరు, పింఛనిచ్చేరు, పిల్లల్ని చదివించుకున్నాం. గోడ అవతలోళ్లు మాకంటే పనిమంతులు. మా స్టోర్‌లో దొరకని బోల్టు ఆ సందులో గంటలో చేసిచ్చీవోరు. ఆళ్లకేటీ లేదు’’ అన్నారు. ఒకే ఇనుము, ఒకే పని. మధ్యలో ఆరడుగుల గోడ. రిజిస్టర్‌లో పేరుండటానికీ, లేకపోవడానికీ తేడా ఇంతకంటే తేటగా ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు.

గోడ అవతలి పిల్లలు ఏమవుతారు? దానికి టికియాపారా సొంతంగా ఒక జవాబు వెతుక్కుంది. ఇక్కడే పెరిగిన మామూన్ అఖ్తర్ తన ఇంటి చిన్న గదిలో కొద్దిమంది పిల్లలకు పాఠాలు చెప్పడంతో మొదలుపెట్టి సమారిటన్ హెల్ప్ మిషన్ అనే సంస్థను నిర్మించారు. ఒకప్పుడు మత్తుమందుల అడ్డాగా పేరుపడ్డ బెలిలియస్ పార్కు స్థలంలో ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం బడి నడుస్తోంది. యూనిఫాంలు వేసుకున్న ఆడపిల్లలు లేత్ దుకాణాల మధ్య నుంచి బడికి పోతుంటే, టర్నర్లు యంత్రం ఒక్క క్షణం ఆపి దారిస్తారు. తరలింపులూ పార్కులూ లేని ఈ అభివృద్ధి ఇక్కడే పుట్టి ఇక్కడే ఉంది.

కానీ బడి ఒక్కటే చాలదు. 2020 ఏప్రిల్ 28న, లాక్‌డౌన్ మధ్యలో, బెలిలియస్ రోడ్డు మీద గుంపును చెదరగొట్టబోయిన పోలీసుల మీద జనం తిరగబడ్డారు. దేశమంతా ఆ దృశ్యాలు చూసింది. పోలీసుల మీద దాడిని ఎవరూ సమర్థించలేరు. అయితే టీవీల్లో ఆ రోజు టికియాపారా గురించి చెప్పింది అదొక్కటే. ఒక గదిలో ఆరేడుగురుండే చోట, రోజు కూలి మీద బతికే చోట, ఇంట్లో కూర్చోమనడం అంటే ఏమిటో ఎవరూ వివరించలేదు. రిజిస్టర్‌లో లేని మనుషులు గొడవ జరిగినప్పుడే కనిపిస్తారు.

టికియాపారాకు కావలసింది ఏమిటన్నది ఇక్కడివాళ్లను అడిగితే పెద్ద కోరికలు వినిపించవు. పనిచేసే దుకాణానికి ఏదో ఒక కాగితం. దాని మీద బ్యాంకు అప్పు. పనిమంతుడని గుర్తింపు కార్డు, దెబ్బ తగిలితే బీమా. కాలవలో నీళ్లు కదలడం. ఫౌండ్రీ పొగ ఊరి బయటికి పోవలసిందే, అందులో రెండో మాట లేదు. పోయేటప్పుడు దాని వెనకున్న 20 దుకాణాలకూ అక్కడ చిన్న చిన్న అద్దె షెడ్లుండాలి, మౌల్డర్‌ను తీసుకెళ్లే బస్సుండాలి. ఇవేవీ సింగూర్ అంత ఖర్చయ్యేవి కావు. సందును ఒక్క పరిశ్రమగా లెక్కపెట్టడం నేర్చుకోవాలంతే.

2024 మార్చిలో గంగ అడుగు నుంచి హౌరా మైదాన్‌కు మెట్రో వచ్చింది. నది కింద నడిచే తొలి మెట్రో అని దేశం గర్వపడింది. మైదాన్ నుంచి బెలిలియస్ రోడ్డు ఎంతో దూరం కాదు. అక్కడ ఆ సాయంత్రం నేను వెంట నడిచిన కప్పీ చివరి చేయి దాటి, నీలం రంగు పూసుకుని తోపుడు బండి ఎక్కింది. ఏ ఊరి మోటారుకు బిగిస్తారో చేసినవాళ్లెవరికీ తెలియదు. దాని మీద ఎవరి పేరూ ఉండదు.

తిరుగు ప్రయాణంలో రైలు టికియాపారాలో ఆగలేదు. బయటికెళ్లే రైళ్లకు ఇక్కడ సిగ్నల్ సులువుగానే దొరుకుతుంది. లోపలికి వచ్చేవాళ్లే ఆగాలి. ఈసారి మీ రైలు ఇక్కడ ఆగినప్పుడు విసుక్కోకండి. మీ ఊళ్లోని బోరు మోటారులో, రైస్‌మిల్లులో, మీరు కూర్చున్న బోగీలో ఆ సందు చేతి పని ఎక్కడో ఉండొచ్చు. తల లోపలికి తీసుకోకుండా కాసేపు చూడండి.